యాత్రాఛాయాచిత్రణ - చారిత్రకపరిణామం: అమరావతి శిల్పాల నుండి నల్లమల పులి వరకు

వ్యాససంగ్రహం:

భారతదేశంలో యాత్రికులు, ఉద్యోగులు, శాస్త్రవేత్తలు తాము చూసిన స్థలాలను, ప్రకృతిని, వన్యప్రాణులను ఛాయాచిత్రాలుగా నిలిపిన చరిత్రకు దాదాపు 170 ఏళ్లు నిండాయి. ఈ చరిత్రను సాధారణంగా కెమెరా సాంకేతికతలో వచ్చిన మార్పుల వరుసగా చెబుతారు. ఆ వరుస అవసరమే కాని అది చాలదు. ఛాయాచిత్రం ఏ అవసరానికి పుట్టింది, దానిలో ఎవరు కనిపిస్తారు, దానిని సాధ్యం చేసిన మనుషులు ఎందుకు కనిపించరు అనే ప్రశ్నలు కూడా చరిత్రలో భాగాలే. అమరావతి, హైదరాబాదు, లంకమల, నల్లమల ప్రాంతాలతో ముడిపడిన ఉదాహరణలు ప్రధానంగా, యాత్రాఛాయాచిత్రం నమోదుపత్రంగా, వేటగుర్తుగా, శాస్త్రసాక్ష్యంగా మారిన మూడు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఛాయాచిత్రాన్ని చారిత్రకాధారంగా వాడే పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలను కూడా సూచిస్తుంది.

కీలకపదాలు: యాత్రాఛాయాచిత్రణ, అమరావతి, లినియస్ ట్రైప్, రాజా దీన్ దయాళ్, వన్యప్రాణులు, కలివికోడి, చెంచులు, నల్లమల.

1. ఉపోద్ఘాతం:

యాత్ర చేసినవారు చూసినదాన్ని చూడనివారికి చెప్పాలనుకోవడం సహజం. ఆ చెప్పడానికి మాట, రేఖ, ఛాయాచిత్రం అనే మూడు సాధనాలు వేర్వేరు కాలాల్లో ప్రధానమయ్యాయి. ఒకటి వచ్చిన తరువాత ముందుది పోలేదు. అయితే ఛాయాచిత్రం వచ్చాక మిగిలిన రెండింటికీ లేని ఒక విశ్వసనీయత దానికి దక్కింది. మాటలో అతిశయోక్తి ఉండవచ్చు, రేఖలో చిత్రకారుని ఊహ కలవవచ్చు, ఛాయాచిత్రం మాత్రం ఉన్నదున్నట్లు చూపుతుంది అనే నమ్మకం 19వ శతాబ్దిలోనే స్థిరపడింది. నేటి పరిశోధనల్లో కూడా పాత ఛాయాచిత్రాన్ని వివరణ అవసరంలేని ఆధారంగా చేర్చడం తరచుగా కనిపిస్తుంది. ఒక దేవాలయం 1858లో ఎలా ఉండేదో చెప్పడానికి ఆనాటి చిత్రాన్ని ముద్రిస్తారు. ఆ చిత్రం ఎవరి ఆజ్ఞతో, ఏ ప్రయోజనానికి, ఎవరి శ్రమతో తయారైందో చెప్పడం అరుదు. ఆ లోటును కొంతైనా పూరించడం ఈ వ్యాసోద్దేశ్యం.

2. కెమెరాకు పూర్వం - అక్షరం, రేఖ:

తెలుగు యాత్రాసాహిత్యంలో మొదటగా చెప్పుకొనే గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య రచించిన ‘కాశీయాత్రా చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి వెళ్లి, గయ, కలకత్తా, జగన్నాథాలను చూసి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల కోసం రాసిన ఈ వృత్తాంతం 1838లో అచ్చయింది. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1839లో, పారిస్‌లో డాగేర్ కనుగొన్న ఛాయాచిత్రవిధానం లోకానికి వెల్లడైంది. తెలుగులో తొలి యాత్రాగ్రంథం, ప్రపంచంలో తొలి ఛాయాచిత్రవిధానం ఒక్క ఏడాది తేడాతో ప్రజల ముందుకు రావడం యాదృచ్ఛికమే. అయినా పోల్చి చూడటానికి ఇది అనుకూలమైన సందర్భం.

వీరాస్వామయ్య దారిలోని మజిలీలను, వాటి మధ్య దూరాలను, దొరికే సామగ్రిని, నీటివసతిని, జనుల ఆచారాలను దినచర్య పద్ధతిలో నమోదు చేశాడు. అతని రచనలో ఊరు ఒక దృశ్యంగా కాక ఒక జీవనవ్యవస్థగా కనిపిస్తుంది. చెరువు ఎంత బాగుందో చెప్పడం కంటే ఆ నీరు తాగడానికి పనికివస్తుందా లేదా అన్నది అతనికి ముఖ్యం. తరువాతి కాలపు యాత్రాఛాయాచిత్రాల్లో ఈ ఉపయోగదృష్టి వెనకబడి, చూపుకు ఇంపైన దృశ్యం ముందుకు వచ్చింది.

రేఖకు సంబంధించి కర్నల్ కోలిన్ మెకంజీ కృషి ముఖ్యమైనది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలైన స్థానికపండితుల సహాయంతో కైఫీయతులను సేకరించిన మెకంజీ, అమరావతి స్తూపాన్ని మొదట 1798లో చూశాడు. 1816 తరువాత చిత్రకారులను, సర్వేయర్లను వెంట తీసుకువచ్చి స్తూపం నేలపటాన్ని, శిల్పఫలకాలను గీయించాడు. అప్పటికే స్థానికంగా కట్టడాలకోసం రాళ్లను తరలించడం వల్ల స్తూపం చాలావరకు ధ్వంసమయింది. ఆ పటాల విలువ వాటి అందంలో కంటే, ఏ రాయి ఎక్కడ ఉండేదో చెప్పడంలో ఉంది. ఈ అంశం తరువాతి విభాగానికి ఆధారం.

3. నమోదుపత్రంగా ఛాయాచిత్రం - లినియస్ ట్రైప్:

ఛాయాచిత్రకళ భారతదేశానికి 1840ల్లోనే వచ్చినా, అది వ్యవస్థారూపం పొందింది 1850ల్లో. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసులలో 1856లో ఛాయాచిత్రసంఘాలు ఏర్పడ్డాయి. పురాతనకట్టడాలను చిత్రకారులతో గీయించడం కంటే ఛాయాచిత్రాలు తీయించడం మేలని ఈస్టిండియా కంపెనీ భావించింది. ఆ నేపథ్యంలో మద్రాసు సైన్యంలో అధికారియైన లినియస్ ట్రైప్ 1854 చివర హళేబీడు, బేలూరు దేవాలయాలను చిత్రించాడు. 1855లో బర్మాలోని ఆవా రాజ్యానికి వెళ్లిన దౌత్యబృందానికి అధికారిక ఛాయాచిత్రకారుడయ్యాడు. తరువాత మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా నియుక్తుడై 1857 డిసెంబరు నుండి శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు, రాయకోట మొదలైన చోట్ల పర్యటించాడు.

ట్రైప్ వాడింది మైనం పట్టించిన కాగితపు నెగెటివ్. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగాలి. ఎండదేశంలో ప్రయాణిస్తూ ఈ పని చేయడం కష్టం. కాగితాన్ని ముందుగా సిద్ధం చేసుకొనే వీలుంది, అది పగలదు, బరువు తక్కువ. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం చుట్టూ ఉన్న శాసనాన్ని అతడు 21 ఛాయాచిత్రాలుగా తీసి, వాటిని కలిపి ఒకే పొడవైన పట్టీగా చేశాడు. శాసనపరిశోధనలో ఛాయాచిత్రాన్ని వాడిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి.

తెలుగు పాఠకులకు మరింత ముఖ్యమైనది 1858లో ట్రైప్ మద్రాసు సెంట్రల్ మ్యూజియంలో తీసిన అమరావతి శిల్పాల చిత్రసంపుటం. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు పంపిన ఈ ఫలకాలకు అప్పటికి ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పేరు స్థిరపడింది. తవ్వించినవాని పేరు నిలిచి, శిల్పాలు పుట్టిన ఊరిపేరు వెనకబడటం గమనార్హం. 1859లో వీటిలో చాలా ఫలకాలు లండన్‌కు తరలిపోయాయి. తరువాత అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ తరలింపునకు ముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోవడానికి ట్రైప్ చిత్రాలు అమూల్యమైన ఆధారాలు.

మెకంజీ పటాలను, ట్రైప్ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. మెకంజీ చిత్రకారుల రేఖల్లో శిల్పం సూక్ష్మాంశాలు అంత కచ్చితంగా లేకపోవచ్చు. కాని శిల్పానికి, స్తూపానికి మధ్య సంబంధం తెలుస్తుంది. ట్రైప్ చిత్రాల్లో రాతిమీది ప్రతి పగులూ కనిపిస్తుంది. అయితే ఆ రాయి కృష్ణాతీరంలో ఏ దిక్కున, ఏ రాతి పక్కన నిలిచి ఉండేదో తెలియదు. కెమెరా వచ్చేసరికే రాయి తన చోటును కోల్పోయింది. ఎంత కచ్చితమైన ఛాయాచిత్రమైనా తాను తీసిన క్షణానికే సాక్షి, అంతకు ముందు జరిగిన నష్టాన్ని అది పూరించలేదు. స్తూపశిల్పాల పూర్వస్థానాలను నిర్ణయించే పరిశోధనలో ఈ రెండు ఆధారాలనూ కలిపి చదవవలసి రావడానికి కారణం ఇదే.

1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఖర్చు ఎక్కువని ఈ పథకాన్ని నిలిపివేయించాడు. ప్రభుత్వఛాయాచిత్రణ ప్రభుత్వావసరం మీద, బొక్కసం మీద ఆధారపడినదని దీనివల్ల తెలుస్తుంది. ఏ స్థలాలకు తొలి ఛాయాచిత్రాలు ఉన్నాయి, ఏ స్థలాలకు లేవు అనేది వాటి ప్రాముఖ్యాన్ని బట్టి కాక, ఇటువంటి నిర్ణయాలను బట్టి ఏర్పడింది.

4. ప్రకృతి దృశ్యం - శామ్యూల్ బోర్న్:

కట్టడం కదలదు. చెట్టు ఆకులు గాలికి కదులుతాయి, నీరు పారుతుంది. చిత్రం తీయడానికి కొన్ని సెకన్లు, ఒక్కొక్కప్పుడు నిమిషాలు పట్టే కాలంలో ప్రకృతిని చిత్రించడం కట్టడాన్ని చిత్రించడం కంటే కష్టం. పైగా ఆనాటి రసాయనాలు నీలిరంగు వెలుతురుకు అతిగా స్పందించడం వల్ల ఆకాశం మబ్బులు లేకుండా తెల్లగా వచ్చేది. ఈ పరిమితుల నడుమ ప్రకృతిచిత్రణలో ప్రసిద్ధి పొందినవాడు శామ్యూల్ బోర్న్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బ్యాంకుగుమాస్తాగా ఉండి 1863లో భారతదేశానికి వచ్చిన బోర్న్, 1863, 1864, 1866 సంవత్సరాల్లో మూడు పర్యాయాలు హిమాలయయాత్రలు చేశాడు. మూడవ యాత్రలో 18 వేల అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమ మీద చిత్రాలు తీశాడు. గంగ పుట్టే హిమానీనదాన్ని కూడా చిత్రించాడు.

బోర్న్ చిత్రాల్లో హిమాలయం నిర్జనంగా, ప్రశాంతంగా ఉంటుంది. ఆ చిత్రాలు తయారైన తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. గాజుపలకలు, రసాయనాల సీసాలు, చీకటిగుడారం, వంటసామగ్రి మోయడానికి మొదటి యాత్రలోనే దాదాపు 30 మంది కూలీలు అతని వెంట నడిచారు. వారు మధ్యలో విడిచిపోవడం, వారిని బలవంతంగా తిరిగి రప్పించడం గురించి బోర్న్ తానే ఇంగ్లండులోని ఛాయాచిత్రపత్రికకు పంపిన వ్యాసాల్లో రాశాడు. కూలీల బరువు, చలి, భయం అతని అక్షరాల్లో ఉన్నాయి, చిత్రాల్లో లేవు. నిర్జనప్రకృతి అనే భావన ఇక్కడ చిత్రచట్రం కల్పించినదే. ఒకే యాత్రకు చెందిన చిత్రాన్నీ, రచననూ విడదీసి చదివితే ఈ విషయం దొరకదు.

5. హైదరాబాదు సంస్థానం - రాజా దీన్ దయాళ్, వేటచిత్రం:

1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించిన లాలా దీన్ దయాళ్, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి ఇందూరులో ప్రజాపనులశాఖలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా చేపట్టి, 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్యభారతంలో పర్యటించి కట్టడాలను చిత్రించాడు. ఆ చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వచ్చాయి. తరువాత హైదరాబాదు చేరి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో, బొంబాయిలో స్టూడియోలు నడిపాడు. 1894లో నిజాం అతనికి ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చాడు. 1905లో మరణించేవరకు అతడు సంస్థానంలోని కోటలను, రాజభవనాలను, వీధులను, సైనికవిన్యాసాలను, కరువుసహాయకార్యక్రమాలను విస్తారంగా చిత్రించాడు.

ఈ చిత్రరాశిలో వేటచిత్రాలు ఒక ప్రత్యేకవర్గం. నిజాం వేటశిబిరాలను, సంస్థానానికి వచ్చిన వైస్రాయిల, రాజవంశీయుల వేటలను దీన్ దయాళ్ స్టూడియో చిత్రించింది. వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి వద్ద నిలిచిన చిత్రం వీటిలో సుప్రసిద్ధం. ఈ చిత్రాలకు ఒక స్థిరమైన అమరిక ఉంది. ముందు నేలమీద చచ్చిన మృగం, దాని వెనక తుపాకి పట్టిన ప్రభువు, ఉంటే అంచుల్లో పరివారం. మృగాన్ని తరిమినవారు, జాడ చెప్పినవారు, ఎర కట్టినవారు చాలా చిత్రాల్లో కనిపించరు, కనిపించినా పేర్లు ఉండవు.

భారతదేశపు వన్యమృగాల ఛాయాచిత్రాల్లో తొలికాలపువి ఎక్కువగా కళేబరాలవే కావడానికి సాంకేతికకారణం ఉంది. బతికిన పులి కెమెరా ముందు నిలవదు, చచ్చిన పులి నిలుస్తుంది. అయితే సాంకేతికకారణం ఒక్కటే చాలదు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ సూచించిన పొడి జెలటిన్ పలక క్రమంగా వాడుకలోకి వచ్చి, చిత్రం తీసే సమయం సెకనులో చిన్న భాగానికి తగ్గిన తరువాత కూడా వేటచిత్రం కొనసాగింది. ప్రభుత్వాధికారం, రాజాతిథ్యం, పౌరుషం అనే మూడింటినీ ఒకే చిత్రంలో చూపగల శక్తి దానికి ఉండటమే అందుకు కారణం. అడవి మీద, ప్రజల మీద తమకున్న అధికారానికి చచ్చిన పులి ఒక రసీదువంటిది.

6. తుపాకి నుండి కెమెరాకు:

బతికిన ప్రాణిని చిత్రించే ప్రయత్నాలు 19వ శతాబ్ది చివర పాశ్చాత్యదేశాల్లో మొదలయ్యాయి. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ సోదరులు 1895లో పక్షిగూళ్ల గురించి పూర్తిగా ఛాయాచిత్రాలతో కూడిన గ్రంథాన్ని వెలువరించారు. అమెరికాలో జార్జ్ షిరాస్ రాత్రిపూట జింకలను చిత్రించి, 1906లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికలో 74 చిత్రాలు ప్రకటించాడు. పడవ ముందుభాగంలో దీపం పెట్టుకొని నీటిఒడ్డున ఉన్న జింకలను సమీపించే అతని పద్ధతి ఒజిబ్వే ఆదివాసుల వేటపద్ధతి నుండి వచ్చింది. వన్యప్రాణిఛాయాచిత్రణకు ఆదివాసుల అటవీజ్ఞానం తొలినాళ్లలోనే మూలమైందని ఇక్కడ గమనించాలి.

భారతదేశంలో ఈ మార్పునకు ప్రతినిధి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్. సంయుక్తరాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతాల్లో, అటవీ అధికారిగా పనిచేసిన ఛాంపియన్ పులులు నడిచే దారిలో తీగను అమర్చి, దాన్ని పులి తాకగానే మెరుపుదీపం వెలిగి చిత్రం పడే ఏర్పాటు చేశాడు. ఆ చిత్రాలు 1925లో లండన్ పత్రికలో అచ్చయ్యాయి. 1927లో ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్ లాండ్’ అనే గ్రంథం వచ్చింది. పులిచారలు ఒకదానివి మరొకదానికి ఉండవని, చిత్రాల ఆధారంగా ఒక్కొక్క పులినీ గుర్తించవచ్చునని అతడు గ్రహించాడు. వేటగాడికి పులి ఒక సంఖ్య. చారలను పోల్చి చూసినవానికి ప్రతి పులీ ఒక వ్యక్తి. జిమ్ కార్బెట్ వేట తగ్గించి కెమెరా వైపు మళ్లడంలో ఛాంపియన్ ప్రభావం ఉంది.

భాషాపరంగా ఇక్కడ ఒక అంశం పరిశీలించదగినది. తుపాకి కాల్చడానికీ, చిత్రం తీయడానికీ ఇంగ్లీషులో ‘షూట్’ అనే క్రియ ఒక్కటే. తెలుగులో తుపాకి ‘కాల్చు’ తారు, ఫొటో ‘తీస్తారు’. తెలుగులోని ‘తీయు’ ధాతువుకు వేటతో సంబంధం లేదు. నీరు తోడి తీయడం, నూలు తీయడం, కూనిరాగం తీయడం వంటి వాడుకల పక్కన ఫొటో తీయడం చేరింది. ‘ఛాయాచిత్రం’ అనే సంస్కృతపదబంధం నీడను ప్రధానం చేస్తుంది, ‘ఫొటోగ్రాఫ్’ అనే గ్రీకుమూలపదం వెలుగును ప్రధానం చేస్తుంది. అయితే నేటి తెలుగు వాడుకలో ‘షూట్ చేయడం’ కూడా స్థిరపడింది. దానితోపాటు, అరుదైన ప్రాణిని కెమెరాలో ‘బంధించడం’ అనే ప్రయోగం పత్రికాభాషలో సాధారణమైంది. పదజాలంలోని ఈ మార్పు దృక్పథంలోని మార్పునకు సూచన కావచ్చు.

7. శాస్త్రసాక్ష్యంగా ఛాయాచిత్రం:

స్వాతంత్ర్యానంతరం ఛాయాచిత్రం వన్యప్రాణిశాస్త్రానికి నేరుగా తోడ్పడింది. అస్సాంలో తేయాకు ప్లాంటర్‌గా ఉన్న ఇ. పి. గీ, భూటాన్ సరిహద్దులో బంగారువన్నె లంగూర్ ఉన్నదని విని, 1953లో వెళ్లి దాన్ని చిత్రించాడు. ఆ ఆధారంతో సాగిన పరిశోధన వల్ల 1956లో దాన్ని కొత్తజాతిగా వర్ణించి, గీ పేరిట నామకరణం చేశారు. తమిళరచయిత మాధవయ్య కుమారుడైన ఎం. కృష్ణన్ 1950 నుండి 1996లో మరణించేవరకు ‘ది స్టేట్స్‌మన్’ పత్రికలో ప్రకృతివ్యాసాలు రాస్తూ, నలుపుతెలుపుల్లోనే వన్యప్రాణులను చిత్రించాడు. తన అవసరానికి తగిన కెమెరాను వేర్వేరు భాగాలతో తానే కూర్చుకున్నాడు. మాటను, చిత్రాన్ని సమానంగా నడిపిన ఇటువంటివారి కృషిని సాహిత్యపరిశోధకులు కూడా పట్టించుకోవలసి ఉంది.

తెలుగునేలకు సంబంధించి అత్యంత ముఖ్యమైన ఉదాహరణ కలివికోడి. టి. సి. జర్డన్ పేరు ధరించిన ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900లో అనంతపురం సమీపంలో కనిపించిన తరువాత దాని జాడ లేదు. అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో తిరిగి కనుగొనబడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుల అన్వేషణలో అది మొదట దొరికింది రాత్రిపూట దీపం వెలుగులో ఒక స్థానికవేటగాడి చేతికి. శాస్త్రానికి 86 ఏళ్లు కనిపించని పక్షికి ఆ ప్రాంతపు ప్రజల నోట ‘కలివికోడి’ అనే పేరు ఉండటమే, వారి ఎరుకలో అది ఉన్నదనడానికి నిదర్శనం. కలివి పొదల నడుమ తిరిగేది కనుక ఆ పేరు వచ్చింది. జీవావరణానికి సంబంధించిన సమాచారం ఆ పేరులోనే ఉంది.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రివేళ తిరిగే పక్షి కావడం వల్ల దాన్ని చూడటం, చిత్రించడం చాలా కష్టం. 2000 ప్రాంతంలో పరిశోధకులు మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద పాదముద్రలను గుర్తించడం, దానంతటది పనిచేసే కెమెరాను అమర్చడం అనే రెండు పద్ధతులను కలిపి వాడారు. ముద్ర పక్షి వచ్చిందని సూచిస్తే, చిత్రం ఆ ముద్ర కలివికోడిదేనని నిర్ధారించింది. తెలుగుగంగ కాలువపనుల వల్ల ఈ ఆవాసానికి ముప్పు ఏర్పడినప్పుడు, ఇటువంటి పరిశోధనల వల్ల లభించిన ఆధారాలే కాలువమార్గం మార్చడానికి తోడ్పడ్డాయి. అలంకారం కోసం కాక, ఒక ఆవాసం నిలవడానికి అవసరమైన సాక్ష్యంగా ఛాయాచిత్రం ఇక్కడ పనిచేసింది.

8. నల్లమల - చిత్రంలో మనిషి, చిత్రంలో పులి:

నల్లమలలో కెమెరా రెండుసార్లు రెండు వేర్వేరు ఉద్దేశాలతో ప్రవేశించింది. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ చెంచుల మధ్య నివసించి పరిశోధించాడు. 1943లో వెలువడిన అతని చెంచుల అధ్యయనంలో ఛాయాచిత్రాలు ముఖ్యభాగం. గుడిసె, విల్లు, తేనె, పెంట వంటి జీవనాంశాలను అవి నేటికీ చూపుతున్నాయి. ఆ చిత్రాల్లో చెంచులు అధ్యయనవస్తువులు.

1978లో ఈ అడవి అభయారణ్యమై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. పులుల సంఖ్యను అప్పట్లో పాదముద్రల ఆధారంగా లెక్కించేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు పూర్తిగా లేకుండాపోయిన సంగతి 2005లో వెల్లడి కావడంతో ఆ లెక్కల విశ్వసనీయత దెబ్బతిన్నది. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990ల్లో పెంపొందించిన పద్ధతి అప్పుడు ప్రాముఖ్యం పొందింది. దారికి ఇరువైపులా దానంతటది పనిచేసే కెమెరాలు పెట్టి, చారలతో ఒక్కొక్క పులినీ గుర్తించి, గణాంకశాస్త్రం ద్వారా మొత్తం సంఖ్యను అంచనా వేయడం ఆ పద్ధతి. ఛాంపియన్ గ్రహించిన చారల భేదం ఏడు దశాబ్దాల తరువాత గణనశాస్త్రంగా మారింది. 2018 జాతీయగణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చగా 3,48,58,623 చిత్రాలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. అంటే ప్రతి వెయ్యి చిత్రాల్లో రెండింటిలోనే పులి ఉంది. ఆ గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 48, తెలంగాణలో 26 పులులున్నట్లు అంచనా వేశారు.

ఈ కెమెరాల వెనక ఛాయాచిత్రకారుడు లేడు. కాని కెమెరాను ఏ దారిలో, ఏ చెట్టుకు కట్టాలో తెలిసిన మనిషి ఉండాలి. నల్లమలలో అటవీశాఖ రక్షణసిబ్బందిగా, జాడ తెలిసినవారుగా చెంచులు పనిచేస్తున్నారు. 1940లో చిత్రంలో కనిపించినవారు నేడు చిత్రం వెనక ఉన్నారు. ఒకవైపు వారి అటవీజ్ఞానం పులిసంరక్షణకు ఆధారమవుతున్నది, మరొకవైపు అదే సంరక్షణ పేరిట పెంటల తరలింపు చర్చకు వస్తున్నది. మనిషిలేని అడవిని చూపే చిత్రం ఈ వైరుధ్యాన్ని చెప్పదు. బోర్న్ హిమాలయచిత్రాల విషయంలో గమనించిన లోపమే ఒకటిన్నర శతాబ్దం తరువాత మరో రూపంలో కొనసాగుతున్నది.

9. నేటి యాత్రికుడు - నైతికసమస్య:

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ విడుదల చేసిన కొడాక్ కెమెరా ఛాయాచిత్రాన్ని సామాన్యుల చేతికి తెచ్చింది. నేటి చరవాణి దాన్ని అందరి చేతిలో పెట్టింది. వన్యప్రాణిసంరక్షణచట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన ప్రయోజనాల్లో ఛాయాచిత్రణ ఒకటి. చట్టం దాన్ని వేటకు భిన్నమైన, హానిలేని పనిగా గుర్తించింది. అయితే ఆచరణలో హాని లేకపోలేదు. నేలపట్టు వంటి చోట్ల గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో మరీ దగ్గరకు వెళితే తల్లిపక్షులు గూడు వదిలి లేస్తాయి. గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు చిక్కుతాయి. గూటిచిత్రాలతోనే మొదలైన ఈ కళలో, నేడు కొన్ని పోటీలు గూటిచిత్రాలను స్వీకరించకపోవడం గమనించవలసిన మలుపు. అరుదైన ప్రాణి ఉన్న చోటును చిత్రంతోపాటు వెల్లడించడం వల్ల వేటగాళ్లకు దారి చూపినట్లయ్యే ప్రమాదమూ ఉంది. తుపాకి వదిలి కెమెరా పట్టడం ఒక నైతికవిజయమే. దానితో బాధ్యత తీరిపోదు.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. భారతదేశంలో యాత్రాఛాయాచిత్రణ స్థలం, ప్రకృతి, వన్యప్రాణి అనే క్రమంలో విస్తరించడానికి సాంకేతికపరిమితులు ఒక కారణం. ప్రభుత్వావసరాలు, రాజాస్థానాల అభిరుచులు, సంరక్షణావసరాలు అంతే ముఖ్యమైన కారణాలు.

2. అమరావతి శిల్పాల విషయంలో మెకంజీ పటాలు స్థానాన్ని, ట్రైప్ చిత్రాలు స్వరూపాన్ని నిలిపాయి. ఛాయాచిత్రం వచ్చినంత మాత్రాన పూర్వపు రేఖాచిత్రాల ఆధారవిలువ తగ్గదు.

3. నిర్జనప్రకృతి అనేది చాలా సందర్భాల్లో చిత్రచట్రం వల్ల ఏర్పడిన భావన. బరువులు మోసినవారి, జాడ చెప్పినవారి పాత్ర యాత్రారచనల్లో, ఉత్తరాల్లో, అధికారికపత్రాల్లో దొరుకుతుంది. చిత్రాన్ని వాటితో కలిపి చదవాలి.

4. ‘కలివికోడి’ వంటి స్థానికనామాలు శాస్త్రానికి ముందే ఉన్న ఎరుకకు ఆధారాలు. పక్షులు, మృగాల తెలుగుపేర్లను, వాటిని వాడే సమూహాల నుండి సేకరించడం భాషాశాస్త్రానికీ, జీవశాస్త్రానికీ ఉమ్మడిగా ఉపయోగపడే పని.

5. పాత ఛాయాచిత్రాన్ని పరిశోధనలో చేర్చేటప్పుడు తీసినవారు, తీయించినవారు, సంవత్సరం, ప్రయోజనం అనే నాలుగు వివరాలనూ ఇవ్వాలి. అవి లేని చిత్రం ఆధారం కాదు, అలంకారం మాత్రమే.

వీరాస్వామయ్య తన గ్రంథంలో దారిని, నీటిని, మనుషులను కలిపి చెప్పాడు. తరువాత వచ్చిన కెమెరా వాటిని విడదీసి చూపింది. శిల్పాన్ని స్తూపం నుండి, కొండను కూలీ నుండి, పులిని చెంచు నుండి విడిగా చూపిన చిత్రాలను తిరిగి వాటి సందర్భాల్లో నిలపడం నేటి పరిశోధకుల బాధ్యత. తెలుగు జిల్లాల పురావస్తు, అటవీ, ఆదివాసీ ఛాయాచిత్రాలను ఈ దృష్టితో వివరణలతో సహా క్రోడీకరించే పని ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.